ముందు సీటు, బెత్తెడు ఎర

ఇరవై రెండేళ్ళుగా లైల్ హాబెక్ తన బావ వీపు చూస్తూ చేపలు పట్టాడు. ఆ వీపు మీది ఆకుపచ్చ కోటు మారలేదు. వీపు మాత్రం ఏటేటా వెడల్పయింది.

పడవ ఇద్దరిదీ. సగం సగం పెట్టి కొన్నారు. కొన్న రోజున నార్బర్ట్, ఇవ్వాళ్టికి ముందు నేను కూచుంటాలే, మోటారు ఎలా తిరుగుతుందో చూడాలి, అన్నాడు. ఆ ఇవ్వాళ ఇంకా అయిపోలేదు.

మస్కీ అంటే గజం పైన పెరిగే పళ్ళ చేప, దాని వేటలో ముందు సీటు ఉత్త సీటు కాదు. ముందు కూచున్నవాడు కాలికింద మీట నొక్కుతూ కరెంటు మోటారు తిప్పుతాడు, పడవను తనకు తోచిన చోటికి తీసుకుపోతాడు. ఎవరూ ముట్టని నీళ్ళలో మొదటి ఎర అతనిదే పడుతుంది. వెనకవాడికి దక్కేవి ఎంగిలి నీళ్ళు. రెండు కొక్కెరల సరస్సులో లైల్ తాగని ఎంగిలి లేదు.

నార్బర్ట్ డ్రోసెక్ లైల్ అక్క మార్సెల్లా మొగుడు. అరవై ఎనిమిదేళ్ళవాడు. టైర్ల కొట్టు నడిపి మానేశాడు. కొట్లో పెద్ద టైర్లు అమ్మినవాడు కదా, ఏదైనా పెద్దదైతేనే అతని కంటికి ఆనేది. అతని ఎరల పెట్టె ఒక శవపేటిక. అందులో ఉన్నవన్నీ అడుగు పొడుగు కొయ్యలు, రబ్బరు బొమ్మలు, ఒక్కొక్కటి అరకిలో బరువు. ఆకు రాలే కాలంలో అవి పనికొస్తాయి, కాదనలేం. అప్పుడు చేప చలికాలానికి కొవ్వు పట్టించుకోవాలి, ఎంత పెద్దది దొరికితే అంత మింగుతుంది. నార్బర్ట్ తన జీవితంలో పట్టిన మంచి చేపలన్నీ అక్టోబరువే. అక్కడితో అతని చదువు పూర్తయింది. మే నెలాఖర్న సర్కారు ఆ ఏటి వేట తెరిచిన రోజున కూడా అవే కొయ్యలు విసిరేవాడు. ఏమీ పడేది కాదు. పడకపోతే తప్పు గాలిది, లేకపోతే చంద్రుడిది, మరీ కాకపోతే పక్క రాష్ట్రం ఇల్లినాయిస్ నుంచి వచ్చే పడవలది.

లైల్ అరవై ఒక్క ఏళ్ళవాడు. చలికాలమంతా జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర కూచుని జింక తోక వెంట్రుకలు తీగకు చుట్టి, ముందొక ఇత్తడి రేకు తగిలించి ఎరలు కడతాడు. బెత్తెడుకు మించి కట్టడు. అతని లెక్క చాలా చిన్నది. వేట తెరిచేనాటికి సరస్సు మీది మంచు కరిగి నెల కాదు. చేప గుడ్లు పెట్టి అప్పుడే తేరుకుంటూ ఉంటుంది. నీళ్ళు చల్లన, దవడ బద్ధకం. బాలింతకు పథ్యం పెట్టినట్టు కొంచెం పెట్టాలి, నెమ్మదిగా పెట్టాలి. ఈ మాట బావకు చెప్పడం ఏనాడో మానేశాడు. వీపుకు చెవులుండవు.

గొడవ ఫిబ్రవరిలో మొదలైంది. శుక్రవారం చేపల వేపుడు తినడానికి ఊరంతా లవర్న్ కొట్లో చేరే రోజు. లవర్న్‌కు డెబ్బై ఆరేళ్ళు. ఒకే కప్పు కింద ఒక పక్క ఎరలు అమ్ముతుంది, ఒక పక్క బ్రాందీ పోస్తుంది. లైల్ కొత్తగా కట్టిన నల్ల ఎర ఒకటి ఆమెకు చూపిస్తుంటే, నార్బర్ట్ అది లాక్కుని చెవికి పెట్టుకుని బల్ల బల్లకూ తిరిగాడు. చెవిపోగు ఎలా ఉందని అడిగాడు. మా బావమరిది నగల వ్యాపారం పెట్టాడన్నాడు. అందరూ నవ్వారు. అది లైల్‌కు పట్టలేదు, తాగినవాళ్ళ నవ్వు తెల్లారేసరికి పోతుంది. అక్క కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది పోలేదు.

లైల్ లేచి నిలబడి ఒక్క మాట అన్నాడు.

"తెరిచిన రోజున చెరో ఎర. పొద్దున ఎంచుకున్నదే, రాత్రి దాకా మార్చేది లేదు. ఎవడి చేప వలలోకొస్తే వాడిది ముందు సీటు. చచ్చేదాకా."

నార్బర్ట్ చెవికి ఎర అలాగే వేలాడుతుండగా, నువ్వు ఓడితే ఏమిటన్నాడు. ఓడితే సీటు మాట మళ్ళీ ఎత్తను, నువ్వు ఏ దుంగ ఇస్తే అదే విసురుతాను అన్నాడు లైల్. ఇద్దరికీ పడకపోతే సీటు ఉన్నవాడిదే. లవర్న్ అక్కడికక్కడే గోడ మీది క్యాలెండరులో గీత గీసి పెట్టింది.

తెరిచిన రోజు తెల్లవారుజామున రేవు పలకల మీద ఇంకా మంచు పొడి ఉంది. చూడవచ్చినవాళ్ళ మధ్య ఇద్దరూ పెట్టెలు లవర్న్ బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఎర తీసుకోవాలి, మిగిలిన పెట్టెకు ఆమె టేపు అంటించి పడవలోకి పంపుతుంది. నార్బర్ట్ ఆలోచించలేదు. పన్నెండంగుళాల కొయ్య చేప, పొట్ట ఎరుపు, తీసి బల్ల మీద పెడితే కాఫీ కప్పులు కదిలాయి.

"దానికి లైసెన్సు వేరేనా నార్బర్టూ?" అంది లవర్న్.

లైల్ చెయ్యి పెట్టెలో ఆగింది. ఆ క్షణం గురించి అతను తర్వాత ఎవరికీ చెప్పలేదు. అతని పెట్టెలో జానెడు ఎర కూడా ఒకటుంది, ఆకురాలు కాలానికి బావ పోరు పడలేక కొన్నది. ఆ కొయ్య పక్కన బెత్తెడుది పెడితే మళ్ళీ నవ్వుతారు. జానెడుదైతే నవ్వరు. చేప రాకపోయినా మర్యాదగా ఓడినట్టు ఉంటుంది. అతని వేళ్ళు జానెడుదాన్ని పట్టుకున్నాయి కూడా. ఛీ, అనుకున్నాడు. నవ్వేవాళ్ళ కోసం ఎర ఎంచుకునేట్టయితే బావకూ తనకూ తేడా ఏమిటి? నల్ల బెత్తెడుది తీసి బల్ల మీద పెట్టాడు. అనుకున్నట్టే నవ్వారు.

పొద్దున్నంతా నార్బర్ట్ పడవను రాళ్ళ కొన దగ్గరే తిప్పాడు. పదేళ్ళ కింద ఒక అక్టోబరులో అక్కడ అతనికి నలభై ఎనిమిది అంగుళాల చేప పడింది. అప్పట్నుంచి ఆ రాళ్ళు అతనికి గుడి. కొయ్య నీళ్ళలో పడ్డప్పుడల్లా పెరట్లో పనసకాయ రాలినంత చప్పుడు. దూరంగా ఈదుతున్న లూన్ పిట్టలు రెండు ఆ చప్పుడుకు మునిగి, సరస్సు అవతలి ఒడ్డున తేలాయి. ఎగిరే పిట్టకే అంత బెదురుంటే నీళ్ళలో ఉన్నదానికెంతుండాలి? లైల్ అడగలేదు.

అడిగే స్థితిలో కూడా లేడు. అతని ఎర తిరగడం లేదు. నెమ్మదిగా లాగితే రేకు గిర్రున తిరిగి ఆ వణుకు గాలం కర్ర మీదుగా బొటనవేలికి తెలియాలి. తెలియడం లేదు. వేగంగా లాగితే తిరుగుతోంది, కానీ ఈ చలి నీళ్ళలో అంత వేగాన్ని తరిమే ఓపిక ఏ చేపకూ ఉండదు. ఇత్తడి వంకర పోయిందేమోనని రెండుసార్లు చూశాడు. వెంట్రుకలు దువ్వాడు. పదకొండు గంటలకు కారణం కనపడింది. ఎరకు ముందు కట్టిన ఉక్కు తీగ. మస్కీ పళ్ళకు దారం తెగకుండా అందరూ కట్టేదే. కానీ ఇది పోయిన అక్టోబరులో ఆ జానెడు ఎర కోసం కట్టిన లావు తీగ. కర్ర తీసి గోడకు ఆనించినవాడు మే నెలలో అలాగే తెచ్చేశాడు. ఆ బరువుకు ఎర తలవంచి మునుగుతోంది. సన్న తీగలన్నీ పెట్టెలో ఉన్నాయి. పెట్టెకు టేపు. టేపు వెయ్యాలన్న షరతు తనదే.

ఇరవై రెండేళ్ళు ఎదుటివాడి పెట్టెను ఎగతాళి చేసిన మనిషి తన కర్ర చివర చూసుకోలేదు. లైల్ తనను తాను తిట్టుకోవడానికి మాటలు వెతుక్కున్నాడు. నార్బర్ట్ మీద వాడినవే పనికొచ్చాయి.

మధ్యాహ్నం పడవ ఆపి తినడానికి కూచున్నారు. మార్సెల్లా ఇద్దరికీ లివర్ సాసేజి పెట్టి రొట్టెలు కట్టింది, సీసాలో ఊరవేసిన గుడ్లు. నార్బర్ట్ గుడ్డు నముల్తూ మొదటిసారి వెనక్కి తిరిగాడు.

"గొలుసేసి దోమను ఈడుస్తున్నావేంరా? పొద్దుట్నించీ చూస్తున్నా."

 వీపుకు కళ్ళు కూడా ఉంటాయని లైల్‌కు తెలియదు.

నార్బర్ట్ కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక సన్న తీగ చుట్ట తీశాడు. అది మార్సెల్లాది. రేవు మీద కుర్చీ వేసుకుని చిన్న చేపలు పట్టేటప్పుడు వాడుతుంది, వంకర తియ్యమని మొగుడికి ఇచ్చింది. దాన్ని లైల్ ఒళ్ళోకి విసిరాడు.

"ఎర మార్చొద్దన్నావు, తీగ సంగతి అనలేదుగా. కట్టుకో."

"ఎందుకూ?"

"రేపు లవర్న్ కొట్లో కూచుని తీగ వల్ల ఓడిపోయానంటావు. నువ్వు దానివల్లే ఓడాలి." ఆ దాన్ని గడ్డంతో చూపించాడు. నల్లటి బెత్తెడుది. "ఆడాళ్ళ తీగ, ఆడాళ్ళ నగ. జోడీ కుదిరింది."

ఇంకొకడైతే విసిరి కొట్టేవాడు. లైల్ కట్టుకున్నాడు. బావ పెట్టిన భిక్ష అని అనుకోలేదు. బావకు తన గెలుపు మీద ఉన్న ధీమాకు పన్ను అనుకున్నాడు. ముడి బిగించి పక్కనే నీళ్ళలో ఒకసారి లాగి చూశాడు. బొటనవేలి కింద రేకు తేనెటీగలా వణికింది.

తిన్న తర్వాత పడమటి గాలి లేచింది. రాళ్ళ కొన మీద అలలు. నార్బర్ట్ ఆ గాలికి ఎదురుగా కొయ్యను ఇంకో గంట విసిరాడు. అరకిలో బరువు, పొద్దుట్నించి మూడు నాలుగు వందల విసుర్లు. లైల్ లెక్క పెట్టలేదు కానీ వీపు లెక్క చెబుతూనే ఉంది. కుడి భుజం ముందు కొంచెం, తర్వాత బాగా కిందికి జారింది. చివరికి కొయ్య పడవకు నాలుగు గజాల దూరంలో పడింది. నార్బర్ట్ కాసేపు దాన్ని చూశాడు. చుట్ట వెలిగించుకోవాలి, ఇక్కడ గాలికి అగ్గిపుల్ల నిలవడం లేదు అన్నాడు. చుట్ట పొద్దున లవర్న్ బల్ల మీదే మరిచిపోయి వచ్చాడని లైల్‌కు తెలుసు.

గాలి తగలని చోటు సరస్సు మొత్తానికీ ఒకటే, ఉత్తరపు మడుగు. నడుంలోతు నీళ్ళు, అడుగున నల్ల బురద. పొద్దుట్నించి ఎండ ఆ నలుపులోకి ఇంకి నీళ్ళు వెచ్చబడతాయి. ఆ పక్క అయిదారు డిగ్రీలు ఎక్కువ. పథ్యం మీదున్న చేప ఎండ కాగడానికి వచ్చేది అక్కడికే. ఇరవై రెండేళ్ళుగా లైల్ ఆ మడుగు వైపు చూస్తూ దాని ముందునుంచి పోతున్నాడు. నార్బర్ట్ దాన్ని కప్పల గుంట అనేవాడు. ఈ రోజు అతని భుజం అతన్ని అక్కడికి తీసుకొచ్చింది.

చుట్ట కోసం జేబులు తడుముకున్నాడు. దొరకనట్టు ఆశ్చర్యపోయాడు. ఊరికే కూచోవడం చేతకాక, ఎడమ చేత్తో కొయ్యను నీళ్ళలోకి గిరాటు పెట్టి లాగాడు. పడవకు పది అడుగుల్లో ఆ కొయ్య వెనక నీడ ఒకటి కనపడింది. కొయ్య దాని ముందు పిల్లలా ఉంది. నార్బర్ట్ చెయ్యవలసిందే చేశాడు. ఎర ఇంకా పారిపోతున్నట్టు కనపడేలా కర్ర కొస నీళ్ళలో ముంచి పడవ పక్కన ఎనిమిది అంకె గీశాడు, ఒకసారి, రెండోసారి. నీడ కొయ్యతో పాటు ఒక మలుపు తిరిగింది. పెళ్ళివారింట వడ్డన చూసి ఆకలి లేదన్న చుట్టంలా కొయ్యను పైనుంచి కిందిదాకా చూసి, కిందికి దిగిపోయింది.

ఇలాంటప్పుడు ముందువాడు ఆగి వెనకవాణ్ణి వెయ్యనివ్వాలి, అదీ చిన్నది. మస్కీ పట్టేవాళ్ళలో అది మర్యాద. నార్బర్ట్ ఈ మర్యాద ఏనాడూ పాటించలేదు. ఆగు, అది నాది, అనేవాడు. మళ్ళీ మళ్ళీ తన దుంగతోనే నీళ్ళు బాదేవాడు, చేప జిల్లా దాటేదాకా. ఇప్పుడు కూడా నోరు తెరిచాడు. కుడి చెయ్యి ఎత్తబోయాడు. చెయ్యి మోచేతి దగ్గరే ఆగింది.

"వెయ్యరా," అన్నాడు. వెనక్కి తిరగలేదు.

లైల్ తొందరపడలేదు. వందదాకా లోపల లెక్క పెట్టాడు. నీడ దిగిన చోటికి ఎంతో అవతలగా, నాచు అంచున, ఆకు రాలినట్టు ఎరను దించాడు. నెమ్మదిగా, బొటనవేలికి వణుకు తెలిసీ తెలియనంత నెమ్మదిగా లాగాడు. ఏమీ రాలేదు. ఎర పడవ దాకా వచ్చేసింది. ఇంత చిన్న ఎరకు ఎనిమిది అంకె ఎందుకని చాలామంది పైకి తీసేస్తారు. లైల్ తియ్యలేదు. కర్ర కొస ముంచి వెడల్పుగా మలుపు తిప్పాడు. రెండో మలుపులో నీళ్ళ కింద తెల్లటి నోరు తెరుచుకుని మూసుకుంది. ఆవులింత అంత తీరిగ్గా.

తర్వాత తీరిక లేదు. చేప పడవ కిందికి దూరింది, కర్ర వంగి నీళ్ళను తాకింది, రీలు అరిచింది. మార్సెల్లా తీగ సన్నది. అప్పుడు లైల్‌కు ఒక సంగతి గుర్తొచ్చింది. వల ముందు సీటు పక్కన ఉంది. వల వేసేది బావ. చెయ్యి నొప్పి అని ఒక్క అంగుళం తప్పించినా, వల అంచు తీగకు కొట్టుకున్నా, చేప పోతుంది, సీటు ఉన్నవాడిదే. ఎవరూ తప్పు పట్టరు. డెబ్బైకి దగ్గరపడ్డ భుజం.

నార్బర్ట్ వల అందుకున్నాడు. అరుపులేదు, సలహా లేదు. ఎడమ చేత్తో వలను నీళ్ళలో ముందే ముంచి ఉంచి, తల లోపలికి వచ్చేదాకా కదలకుండా కూచుని, ఒక్కసారి లేపాడు. ఇరవై రెండేళ్ళలో బావ సరిగ్గా చేసిన పని ఇదొక్కటే చూశానని లైల్ అనుకున్నాడు. అంతకు ముందు చెయ్యడానికి అతనికి అవకాశం రాలేదన్నది తర్వాత తట్టింది. వెనక సీటుకు చేపలు పడలేదు కదా.

నలభై నాలుగు అంగుళాలు. నల్ల వెంట్రుకలు దవడ మూల కొంచెం బయటికి కనపడుతున్నాయి. లైల్ పటకారుతో గాలం ముల్లు తీశాడు. మస్కీని అక్కడ ఎవరూ ఇంటికి తీసుకుపోరు, మళ్ళీ నీళ్ళలో వదులుతారు. వదిలేముందు తోక పట్టుకుని, దానంతట అది కదిలేదాకా నీళ్ళలో నిలబెట్టాలి. ఆ పని నార్బర్ట్ చేశాడు. కోటు అంచులు మునిగేదాకా చేతులు చలి నీళ్ళలో పెట్టి అయిదారు నిమిషాలు అలాగే ఉన్నాడు. వేళ్ళు ఎర్రబడ్డాయి.

"పిలిచింది నా కొయ్యే," అన్నాడు నీళ్ళ వైపు చూస్తూనే.

"పిలుపు నీదే బావా," అన్నాడు లైల్. "విస్తరి నేనేశాను."

చేప తోక విదిల్చి వెళ్ళిపోయింది. నార్బర్ట్ చేతులు కోటుకు తుడుచుకుని లేచాడు. పడవ అటూ ఇటూ ఊగింది. పడవ మధ్యలోంచి వచ్చి లైల్ ముందు నిలబడ్డాడు. లేవమని అర్థం. లైల్ లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, పడిపోకుండా, పండగనాడు మాట్లాడుకోని అన్నదమ్ముల్లా పక్కకు తప్పుకున్నారు.

ముందు సీటు అతను అనుకున్నంత మెత్తగా లేదు. మధ్యలో ఒక గుంట, బావ సైజుది. అందులో లైల్ సగమే నిండాడు. ఎదురుగా మడుగంతా ముట్టని నీళ్ళు. వీపు లేని లోకం ఇంత వెడల్పని అతనికి తెలియదు.

కాలితో మీట నొక్కాడు. ఎడమకు వెళ్ళాలనుకున్నాడు, పడవ కుడికి తిరిగింది. సరిచేద్దామని గట్టిగా నొక్కితే గుండ్రంగా ఒక చుట్టు చుట్టి ఒడ్డు వైపు పరుగెత్తింది. ఒక చేత్తో పడవ ఆపుకుంటూ ఇంకో చేత్తో తన మొదటి ముందు సీటు ఎర విసిరాడు. అది ముట్టని నీళ్ళను ముట్టనే లేదు. నీళ్ళ మీదికి వాలిన దేవదారు కొమ్మకు చుట్టుకుని, అక్కడ చెవిపోగులాగే వేలాడింది.

 లైల్ తల తిప్పలేదు. తిప్పకుండానే అతనికి వెనక సీట్లో బావ మొహం కనపడింది. ఇరవై రెండేళ్ళు తను పెట్టిన మొహమే.

కాసేపటికి టేపు చింపిన శబ్దమైంది. తన పెట్టె మూత, బావది కాదు. ఎరలు గలగల కదిలాయి.

"ఇందులో ఆ దోమలాంటిది ఇంకోటుందా?"

"ఎడమ అరలో. నెమ్మదిగా లాగాలి, తెలుసా?"

"చూశాలే." నార్బర్ట్ కొరికి దారం తెంపిన చప్పుడు వినపడింది. తర్వాత అన్నాడు, "కొమ్మమీంచి తీరిగ్గా తీసుకో. పిట్టలు పడతాయేమో చూడు. రేపు మాత్రం మంచి కోటొకటి వేసుకురా లైలూ. నీ వీపు మీది ఆ చిరుగుల్ని ఇంకో ఇరవై రెండేళ్ళు నేను చూడలేను."